లేచి నిలబడటం వెనక ఇంత పనుందా!

ఇవాళ నాన్నకి పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూశారు. లేచిన 3 నిమిషాల్లో పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే, కళ్లు తిరగడానికి అదే కారణం కావచ్చట. లేవగానే అర లీటరుకు పైగా రక్తం కాళ్లలోకి, పొట్టలోకి జారుతుంది, దాంతో బీపీ తగ్గుతుంది. మెడ ధమనుల్లో, గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం (బృహద్ధమని) వంపులో ఉన్న నాడీకొనలు ఆ తగ్గుదలను పసిగట్టి మెదడుకి కబురు పెడతాయి. వెంటనే గుండె వేగం పెరుగుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి. నాన్న మణికట్టు పట్టుకునే ఉన్నాను. నిలబడగానే నాడి నా వేళ్ల కింద పరుగందుకుంది. ఒళ్లు జలదరించింది నాకు! కిడ్నీలు ఉప్పునీ నీటినీ ఆపి బీపీని నిలబెట్టడం మాత్రం గంటలు, రోజులు పట్టే వ్యవహారం. మంచం అంచున కాసేపు కూర్చున్నాకే లేవమని నాన్నకి గట్టిగా చెప్పాను.