రాత్రి మంచు గడ్డకట్టిందా?

మంచు కరిగే కాలంలో కొండ ఎక్కాలంటే పగలు ఎండ కాస్తుందా, మబ్బు పడుతుందా అన్నది రెండో సంగతి. మొదట చూడాల్సింది రాత్రిని. మా టీమ్ లీడర్‌ది ప్లానింగ్ మొదలైనప్పటి నుంచీ ఇదే పాట. వయసులో పెద్దవారు, అందరం అన్నా అనే పిలుస్తాం. "ఎత్తు సంగతి తర్వాత చూద్దాంలేమ్మా, రాత్రి మంచు గట్టిపడుతుందో లేదో ముందు అది చెప్పు" అనేవారు.

మ్యాప్ ముందేసుకుని కూర్చోవడంతో పని మొదలైంది. పలకలుగా విరిగిపడే అవలాంచ్‌లు, అంటే జారిపడే మంచు చరియలు, ఎక్కువగా ముప్ఫై నుంచి నలభై అయిదు డిగ్రీల వాలులో మొదలవుతాయి. మా దారిలో అలాంటి చోట్లు రెండున్నాయి. ఒకటి తూర్పుముఖంగా ఉన్న ఇరుకైన మంచు దారి, రెండు వైపులా రాతి గోడలు. రెండోది శిఖరం కింద నైరుతి వైపు వాలు. తూర్పు వాలుకు పొద్దు పొడవగానే ఎండ తగులుతుంది, నైరుతికి గట్టి ఎండ మధ్యాహ్నం దాటాకే. కాబట్టి తూర్పు దారిని చీకట్లోనే దాటేయాలి, దిగేటప్పుడు మళ్ళీ అటు రాకుండా పక్కనున్న రిడ్జ్, అంటే కొండ వెన్ను మీదుగా రావాలి. సగం ప్లాన్ ఇంతే.

ఇంకో దారి కూడా ఉంది, దూరం తక్కువ. కానీ దాని మీద గ్లేసియర్ అంచున సెరాక్‌లు, అంటే పెద్ద పెద్ద మంచుగడ్డ దిబ్బలు వేలాడుతున్నాయి. అన్న దాన్ని మ్యాప్ మీదే కొట్టేశారు. సెరాక్‌లు ఎండను బట్టి కూలవు. గ్లేసియర్ కదిలే కొద్దీ ఏ వేళలోనైనా విరుగుతాయి. 2014 ఏప్రిల్ 18న ఎవరెస్ట్ దారిలోని ఖుంబూ ఐస్‌ఫాల్ మీద మంచు దిబ్బ కూలి 16 మంది నేపాలీ పర్వతారోహక సిబ్బంది చనిపోయారు. అది పొద్దున్నే జరిగింది. త్వరగా లేచి వెళ్తే చాలనే సూత్రం అక్కడ పనికిరాదు.

ఇక బులెటిన్. అవలాంచ్ ప్రమాదాన్ని ఒకటి నుంచి అయిదు దాకా అంకెల్లో చెబుతారు. యూరప్ దేశాలు 1993లో ఈ ఉమ్మడి స్కేల్ పెట్టుకున్నాయి. వసంతంలో ఒకే రోజుకు రెండు అంకెలు ఇవ్వడం మామూలే. మాకు వచ్చింది పొద్దున ఒకటి, మధ్యాహ్నం మూడు. అయిదులో మూడంటే మధ్యస్థం కదా అనిపిస్తుంది. నన్నడిగితే ఈ స్కేల్‌లో జనాన్ని బాగా మోసం చేసే అంకె అదే. నాలుగు, అయిదు ఉన్నప్పుడు చాలామంది కొండ జోలికే వెళ్ళరు. మూడుకు వెళ్తారు. మరణాల్లో పెద్ద భాగం అక్కడే ఉంటుంది.

మొదటి రాత్రి ఒంటిగంటకు లేచాం. ఆకాశమంతా మబ్బు. థర్మామీటర్ సున్నా కంటే ఒక డిగ్రీ తక్కువ చూపించింది. సంతోషంగా క్రాంపాన్లు, అంటే బూట్ల కింద కట్టుకునే ఇనుప పళ్ళు, తగిలించుకుంటున్నాను. అన్న టెంట్ బయట నాలుగడుగులు వేశారు. పైన పల్చటి పెచ్చు, అది పటుక్కున విరిగి కాలు పిక్క దాకా దిగింది. కింద మంచంతా తడి, గుప్పిట పట్టి పిండితే నీళ్ళు కారాయి. "పడుకోండి" అన్నారు. టీమ్‌లో ఒకరిద్దరు గొణిగారు, మైనస్ ఉంది కదా అని.

ఆ మైనస్ గురించి కాస్త చెప్పాలి. కరిగే కాలంలో మంచు పొర పైనుంచి కింద దాకా దాదాపు సున్నా డిగ్రీలకు వచ్చేసి ఉంటుంది. గింజల మధ్య నీరు నిలిచి ఉంటుంది. కిలో నీరు గడ్డకట్టాలంటే దాదాపు 334 కిలోజౌళ్ళ వేడి బయటికి పోవాలి. ఆ వేడి పోవడానికి పెద్ద దారి ఆకాశమే. మబ్బు లేని రాత్రి మంచు తన వేడిని నేరుగా పైకి వదిలేస్తుంది, గాలి సున్నా కంటే ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువున్నా పైపొర గట్టిపడగలదు. మబ్బు పట్టిందంటే పోయే వేడిలో చాలా భాగం తిరిగి కిందికే వస్తుంది. అందుకే మైనస్‌లో కూడా మాకు పెచ్చు మాత్రమే మిగిలింది. థర్మామీటర్ చూడటం తప్పు కాదు, బూటుతో తొక్కి చూడకుండా దాన్ని నమ్మడమే తప్పు.

ఆ రోజు క్యాంపులోనే ఉండిపోయాం. బోర్ కొడుతుందనుకున్నాం కానీ ఎదురుగా ఉన్న తూర్పు వాలే మాకు పాఠమైపోయింది. మబ్బు విడిపోయి ఎండ పడిన కాసేపటికి రాళ్ళ చుట్టూ మంచు ముందుగా మెత్తబడింది. రాయి వేడెక్కుతుంది కదా, దాని పక్కనే మొదలవుతుంది అంతా. తర్వాత చిన్న చిన్న మంచు ఉండలు వాలు మీద దొర్లుతూ పెద్దవయ్యాయి. ఈ ఉండలు కనిపిస్తే టైమ్ అయిపోయినట్టే అని అన్న చెప్పి పది నిమిషాలైనా కాలేదు, ఒక రాతి కింద చిన్న చోట మొదలైన తడి మంచు విసనకర్రలా వెడల్పవుతూ మేం ఎక్కాల్సిన ఇరుకు దారిలోకి జారింది. వేగం పెద్దగా లేదు, పరిగెడితే తప్పించుకోవచ్చనిపించేంత నెమ్మది. కానీ ఆగిన చోట కుప్ప మనిషెత్తు ఉంది. తడి మంచు చాలా బరువు, ఆగగానే గట్టిపడుతుంది కూడా. మధ్యాహ్నమంతా అదే దారిలో రాళ్ళు పడుతూనే ఉన్నాయి. రాత్రి వాటిని పట్టి ఉంచే మంచు పగలు కరిగిపోతుంది మరి. గొణిగినవాళ్ళు మళ్ళీ నోరెత్తలేదు.

సాయంత్రం ట్రాన్స్‌సీవర్లతో, అంటే మంచు కింద పడినవాళ్ళను కనిపెట్టడానికి ఒంటికి కట్టుకునే రేడియో పరికరాలతో, వెతుకులాట ప్రాక్టీస్ చేశాం. ఏ కంపెనీదైనా అన్నీ 457 కిలోహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి, కాబట్టి ఎవరిది ఎవరికైనా దొరుకుతుంది. ఫోన్ మాత్రం దూరంగా పెట్టాలి, వెతికేటప్పుడు కనీసం యాభై సెంటీమీటర్లు. అలవాటుగా జేబులో పెట్టేసుకుంటాం, సిగ్నల్ పిచ్చిపిచ్చిగా చూపిస్తుంది. మంచు కింద పడినవాళ్ళను మొదటి పది నిమిషాల్లో తీయగలిగితే ఎక్కువమంది బతుకుతారు, ఆ తర్వాత ఆశ గబగబా పడిపోతుంది. అంటే బయటి సాయం కోసం ఎదురుచూసే టైమ్ ఉండదు, పక్కనున్నవాళ్ళే తవ్వాలి. పారతో తవ్వడం నాకు ఊహించినదానికంటే కష్టంగా అనిపించింది.

ఆ రాత్రి నక్షత్రాలు కనిపించాయి. ఒంటిగంటకు గాలి నిజానికి ముందు రోజుకంటే వెచ్చగా ఉంది, సున్నాకి కాస్త పైనే. మంచు మాత్రం సిమెంటు నేలలా అయిపోయింది. క్రాంపాన్ పళ్ళు కొస మాత్రమే దిగుతున్నాయి.

గ్లేసియర్ మీద తాడు కట్టుకుని నడిచాం. పగుళ్ళ మీది మంచు వంతెనలు గట్టిపడి ఉన్నాయి, అయినా అన్న ప్రతిదాన్నీ ప్రోబ్‌తో, అంటే పొడవాటి సన్నటి కడ్డీతో, పొడిచి చూశారు. ఇరుకు దారిలో ముందు రోజు జారిన కుప్ప గడ్డకట్టి ఎగుడుదిగుడుగా ఉంది, కాళ్ళు మడతపడకుండా చూసుకుంటూ చీకట్లోనే దాటేశాం. రిడ్జ్ ఎక్కేసరికి వెలుగొచ్చింది. అక్కడ కార్నిస్ ఉంది, గాలికి అంచు దాటి బయటికి పెరిగిన మంచు చూరు. పైనుంచి చూస్తే మామూలు నేలే అనిపిస్తుంది. అది మనం అనుకున్నదానికంటే బాగా లోపలి నుంచి విరుగుతుందట, అందుకే అంచుకు చాలా దూరంగా నడిపించారు. ఫొటో కోసం అటు వెళ్ళబోయిన కుర్రాడికి గట్టిగానే పడింది.

తొమ్మిదికి ఎక్కడున్నా వెనక్కి తిరగాలని ముందే అనుకున్నాం. శిఖరం మీద నిలబడేసరికి ఎనిమిది దాటింది. చూడ్డానికి చాలా ఉంది కానీ పావుగంటే ఉన్నాం. దిగేటప్పుడు ఆగిన ప్రతిచోటా బూటుతో తొక్కి చూస్తూనే ఉన్నాం. మొదట పైపొర ఒక అంగుళం మెత్తబడింది, నడవడానికి అదే హాయి. కాలు చీలమండ దాకా దిగడం మొదలయ్యాక అన్న మాటలు ఆపించి వేగం పెంచారు. ఆఖరి వాలు ఒక్కొక్కరమే దిగాం, కింద చేరినవాళ్ళు పక్కకు జరిగి పైవాళ్ళను చూస్తూ నిలబడ్డారు.

క్యాంపు చేరాక కొత్త బులెటిన్ వచ్చింది. రాత్రికి మబ్బు, మర్నాడు ఎత్తు మీద కూడా వాన. మంచు మీద వాన పడితే నీరు పొరల్లోకి దిగి పట్టు వదిలించేస్తుంది, గడ్డకట్టే అవకాశం ఎలాగూ లేదు. పక్క శిఖరం కోసం అదనంగా ఉంచుకున్న రోజును అక్కడికక్కడే కొట్టేసి టెంట్లు విప్పడం మొదలెట్టాం.