అరటి బోదె మీద బంతిపూలు

శుక్రవారం. రాత్రి పదకొండు దాటింది.

చేతులకి అరటి మరక ఇంకా వదల్లేదు. కొబ్బరినూనె రాసి, శనగపిండితో రుద్ది, నిమ్మచెక్కతో తోమినా గోళ్ళ అంచుల్లో నల్లగా అలాగే ఉంది. రేపు సాయంత్రం చెల్లి రిసెప్షన్, రాత్రికి ముహూర్తం. ఈ చేతులతోనే అక్షింతలు వెయ్యాలి. పర్వాలేదు. ఇవాళ్టి సంగతి రాసుకోకుండా పడుకోబుద్ధి కావడం లేదు.

నెల క్రితం డెకరేషన్ చేసే అతను ఇంటికొచ్చి లెక్క చెప్పాడు. మండపం, గుమ్మం అలంకరణ హాలు అద్దెలోనే కలిసి ఉన్నాయి. రిసెప్షన్‌లో వేసే 16 గుండ్రటి బల్లల మీద పూలు మాత్రం విడిగా. గాజు కూజా, అందులో డచ్ గులాబీలు, జిప్సీ అనే చిన్న తెల్లపూలు, అడుగున పూలు గుచ్చే ఆకుపచ్చ స్పాంజి. బల్లకి 800 రూపాయలు, మొత్తం 12,800. నాన్న "అలాగేనండి, చూద్దాం" అన్నారు. ఆయన "చూద్దాం" అన్నప్పుడు గొంతు ఎలా దిగిపోతుందో మా ఇద్దరికీ తెలుసు. పెళ్ళి ఖర్చు ఇలాగే వస్తుంది, ఇక్కడ పది వేలు, అక్కడ పన్నెండు వేలు. ప్రతిదానికీ పోనీలే అనుకుంటూ పోతే ఆఖరికి ఎవరి ముందో చెయ్యి చాపాలి. ఆ రాత్రే చెల్లి నా పక్కన పడుకుని, "అక్కా, ఆ పూలేవో మనమే చేసేసుకుందామే. నాన్న చేత ఇంకో అప్పు చేయించద్దు" అంది.

సరేనన్నాను కానీ ముందు నేను చేసింది తప్పే. అతను చెప్పినట్టే చెయ్యాలని చూశాను. 20 గులాబీల కట్ట ఒకటి కొని, పేపరు చుట్టినది చుట్టినట్టే వంటగట్టు మీద పెట్టేశాను. సాయంత్రానికి పువ్వులన్నీ మెడలు వాల్చేశాయి. కాడ కోసిన చోట గాలి చేరితే నీళ్ళు పైకి ఎక్కవట. తెచ్చిన వెంటనే కాడ చివర నీళ్ళలో ముంచి ఉంచి, ఆ నీళ్ళలోనే ఏటవాలుగా కోసి, మెడదాకా నీళ్ళలో నిలబెట్టి ఉంచాలట. ఇది తెలిసేసరికి 250 రూపాయలు పోయాయి. అప్పుడు కూర్చుని ఆలోచిస్తే అనిపించింది, ఆ గులాబీలు హోసూరు నుంచో బెంగళూరు నుంచో మంచుపెట్టెల్లో రావాలి. మన పక్కనే కడియపులంకలో బంతి, చామంతి, లిల్లీ బస్తాలకి బస్తాలు దిగుతుంటాయి. అవన్నీ కాడలు లేని విడిపూలు, కేజీల లెక్కన అమ్మేవి. కాడలున్న పూల కోసం పుట్టిన కూజాలో అవి నిలబడవు. మరి వాటికి తగిన చోటు ఏమిటి? నీళ్ళు.

అలా వెడల్పాటి గిన్నెలో నీళ్ళు పోసి బంతిపూలు వదిలి చూశాం. ఎంత బాగుందో! ఫ్యాను వెయ్యగానే పూలన్నీ ఒక పక్కకి కొట్టుకుపోయి గిన్నె అంచుకి అతుక్కున్నాయి. హాలు నిండా ఫ్యాన్లే కదా. చెల్లి మొహం చిన్నబోయింది.

దారి చూపించింది పిన్ని. "పోలి పాడ్యమికి గోదాట్లో దీపాలు ఎలా వదుల్తామే?" అంది. కార్తీక అమావాస్య మర్నాడు తెల్లారకుండా పుష్కర ఘాట్‌కి వెళ్ళి, అరటి డొప్పల్లో దీపాలు పెట్టి వదలడం చిన్నప్పటి నుంచీ చేస్తున్నదే. అరటి బోదె నిండా గాలి గదులే, అందుకే మునగదు. దాన్ని అడ్డంగా బిళ్ళలు కోసి నీళ్ళ మీద తేలేసి, దాని మీద పూలు గుచ్చేస్తే ఫ్యాను గాలికి అటూ ఇటూ చెదరవు. ఆ ఆకుపచ్చ స్పాంజి వాడి పారేస్తే మట్టిలో కలవదు. బోదె ముక్క అయితే పెళ్ళయ్యాక ఆవు ముందు పడేస్తే తింటుంది. గెల కొట్టేశాక చెట్టుని ఎలాగూ నరికేస్తారు కాబట్టి మావయ్య తోటలో బోదెలు ఊరికే దొరికాయి, మూడు తెచ్చి వాకిట్లో పడేశాడు.

ఇవాళ తెల్లవారుజామున నాలుగున్నరకి పిన్నీ నేనూ ఆటోలో కడియపులంక వెళ్ళాం. మాఘమాసం కదా, ముహూర్తాలు వరసగా ఉన్నాయి, పూల ధర కూడా అంత ఎత్తునే ఉంది. మూఢం వస్తే ఇవే పూలు అడిగేవాళ్ళుండరని ఒక పెద్దాయన అన్నాడు. పూలు కొనడంలో పిన్ని దగ్గర నేర్చుకున్నది ఒకటి రాసి పెట్టుకుంటున్నాను. పైన కనిపించే పూలు చూడకూడదు. చెయ్యి బస్తా అడుగుదాకా దోపి చూడాలి. లోపల వెచ్చగా తగిలితే ఆ బస్తా ఆవిరి పట్టేసింది, సాయంత్రానికి రేకులు రాలిపోతాయి. తడిగా తగిలితే తూకం కోసం నీళ్ళు చల్లారని అర్థం. రెండు బస్తాలు వద్దని తోసేసి మూడోదాంట్లో చెయ్యి పెట్టి, "ఇది చల్లగా ఉందే" అంది. పువ్వు అడుగున ఉండే ఆకుపచ్చ దొన్నెని వేళ్ళతో నొక్కి చూసింది, గట్టిగా ఉంది. అమ్మే ఆవిడ నవ్వి, "పెళ్ళికాండి? అయితే ముద్దబంతి తీసుకోండి, రెండ్రోజులైనా వాడదండి" అంది.

నారింజ, పసుపు బంతి కలిపి 12 కేజీలు, తెల్ల చామంతి 4 కేజీలు. ఇంటికొచ్చి లెక్కపెడితే బంతి కేజీకి 130 పూల దాకా తూగాయి. లిల్లీ మాత్రం ఇవాళ కొనలేదు. అది మొగ్గల మీద కొంటే సాయంత్రానికి విచ్చుకుంటుంది, చీకటి పడేకొద్దీ వాసన పెరుగుతుంది. రేపు పొద్దున్న తెస్తే సరిగ్గా జనం వచ్చే వేళకి పువ్వవుతుంది. తినే బల్ల దగ్గర అంత వాసన దేనికి, గిన్నెకి గుప్పెడు చాలని పిన్ని గట్టిగా చెప్పింది. నాకూ నిజమే అనిపించింది.

పూలని తడిపిన గోనెపట్టాల మీద పల్చగా, నీడలో పరిచాం. ప్లాస్టిక్ కవర్లలో మూటకట్టి పెట్టి ఉంటే అవి కూడా ఆవిరి పట్టేవి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక నాన్న ఎవరూ చెప్పకుండానే కత్తిపీట తెచ్చుకుని వాకిట్లో కూర్చున్నారు. బోదె పై డొప్పలు రెండు వలిచేసి, రెండంగుళాల మందం బిళ్ళలు కోయడం మొదలుపెట్టారు. ఒక్కో బిళ్ళ కోసినప్పుడల్లా చర్రుమని నీరు చిమ్మేది. కోసిన వైపు తేనెపట్టులాగా గదులు గదులుగా, తెల్లగా, వేలు పెడితే చల్లగా. కాసేపు గాలి తగిలితే నల్లబడిపోతుందని అమ్మ బకెట్టులో పల్చటి మజ్జిగ కలిపి తెచ్చింది, దవ్వ కూరకి తరిగినప్పుడు వేస్తామే అలాగ. బిళ్ళలన్నీ అందులో వేశాం. నాన్న బనీను మీద మరకలు పడ్డాయి, అవి ఇక ఈ జన్మకి పోవు. ఆయన పట్టించుకోలేదు. నెలరోజులుగా ఎవరికి ఎంత ఇవ్వాలో చీటీల మీద రాసుకుంటూ తిరిగిన మనిషి, గంటసేపు ఒక్క మాట డబ్బు గురించి మాట్లాడకుండా బిళ్ళలు కోశారు. "16 చాలా? పాడైతే ఉంటాయి, 20 కోస్తా" అన్నారు.

పూలు గుచ్చడానికి కొత్త చీపురు విప్పి కొబ్బరి ఈనెలు విరిచాం. పువ్వు కాడ మొదలంటా తుంచేసి, ఆకుపచ్చ దొన్నెలోంచి ఈనె దూర్చి, కిందికి బోదెలోకి దింపాలి. ముందు అంచు చుట్టూ నారింజ బంతి, లోపలి వరస పసుపు, నడుమ ఖాళీలో తెల్ల చామంతి. బోదె ఎక్కడా కనపడకూడదు. మొదటి దానికి నాకు పావుగంట పట్టింది, ఆఖరిదానికి నాలుగు నిమిషాలు. బిళ్ళకి 35, 40 పూలు పట్టాయి. మిగిలిన బంతి అంతా పెద్దమ్మ వాళ్ళు గుమ్మాల దండలకి కట్టేశారు.

గిన్నెల సంగతి రాయాలి. కొన్నవి తొమ్మిదే, వెడల్పు మట్టి మూకుళ్ళు. మిగతా ఏడూ చుట్టాల ఇళ్ళల్లో అటకల మీంచి దింపిన ఇత్తడి గంగాళాలు, బేసిన్లు. అమ్మ, అత్తయ్య చింతపండుతో తోముతుంటే నల్లటి పొర కింద నుంచి పేర్లు బయటపడ్డాయి. ఆ రోజుల్లో సారె సామాను మీద పెళ్ళికూతురి పేరు కొట్టించేవారు కదా. చుక్కలు చుక్కలుగా కొట్టిన గుండ్రటి అక్షరాలు. ఒకదాని మీద అమ్మమ్మ పేరు, ఇంటిపేరుతో సహా, పుట్టింటి ఇంటిపేరు. అమ్మ తోమడం ఆపి వేలితో ఆ అక్షరాలు తడిమింది. "ఇందులో నీళ్ళు కాచి నాకు తలంటేది" అంది. మళ్ళీ తోమడం మొదలుపెట్టింది. ఆ గంగాళం చెల్లి కూర్చునే వేదిక పక్క బల్ల మీద పెట్టాలని అక్కడికక్కడే అనుకున్నాం.

గాజు కూజాలో ఎత్తుగా పెడితే ఎదురుగా కూర్చున్న మనిషి మొహం కనపడదు. ఇవి గడ్డం కిందకే ఉంటాయి, చుట్టాలు ఒకరినొకరు చూసుకుని మాట్లాడుకుంటారు. ఇది ముందుగా అనుకుని చేసింది కాదు, ఒకటి బల్ల మీద పెట్టి చూసినప్పుడు తెలిసింది.

లెక్క: బంతి 600, చామంతి 480, రేపటి లిల్లీ 2 కేజీలకి 300, మూకుళ్ళు 540, ఆటో రెండు రోజులకి 500. మొత్తం 2,420. పాడైపోయిన గులాబీలు కలుపుకుంటే 2,670. రాత్రి భోజనాల దగ్గర నాన్నకి ఆ చీటీ ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని ఒకటికి రెండుసార్లు చూసి, చొక్కా జేబులో పెట్టుకున్నారు. ఏమీ అనలేదు. నా పళ్ళెంలో ఇంకో గరిటె పప్పు వేశారు.

చెల్లికి రెండు చేతులా గోరింటాకు, మోచేతుల దాకా. ఇవాళంతా ఒక్క పువ్వు ముట్టుకోలేక మంచం మీద కూర్చుని, "అక్కా, ఆ మూలది వంకరగా ఉంది, కొంచెం జరుపు" అని చెబుతూనే ఉంది. నేనే అన్నం కలిపి ముద్దలు పెట్టాను. ఎల్లుండి ఈ వేళకి అది వేరే ఊళ్ళో ఉంటుంది.

పదహారు బిళ్ళలూ, పాడైతే పనికొస్తాయని ఇంకో నాలుగూ వెనకింటి గదిలో తడిబట్ట కింద ఉన్నాయి. ఇందాకే ఒకసారి వెళ్ళి బట్ట మీద మళ్ళీ నీళ్ళు చిలకరించి వచ్చాను. ఆటో అతనికి నాలుగింటికి రమ్మని చెప్పాను, లిల్లీ కోసం.