అన్నం కంటే ముందు సాంబారు

మా మేనల్లుడు చిత్తూరులో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. నేను తిరుపతిలో పెళ్ళిళ్ళకు వంటలు చేయించే పని చేస్తాను. ముహూర్తాలు లేని రోజుల్లో రాత్రి భోజనాలయ్యాక ఇద్దరం కంప్యూటర్ల ముందు కూర్చుని యుద్ధం చేసుకుంటాం. అలా వరుసగా 11 యుద్ధాలు ఓడిపోయిన తరువాత, లోపం ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టాను.

ఆట ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2. ఊరు కట్టి, బంగారం కూడబెట్టి, శిబిరాల్లో సైనికులను తయారుచేసి ఎదుటివాడితో పోరాడే కంప్యూటర్ ఆట. ఇది 1999లో వచ్చింది. నేను మొదట ఆడింది 2003లో, లీలామహల్ కూడలి దగ్గర ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో. గంటకు 20 రూపాయలు. ఇప్పుడు ఆడేది 2019లో కొత్త హంగులతో వచ్చిన డెఫినిటివ్ ఎడిషన్. 2022లో అందులో ఎంచుకోగల జాతుల్లోకి ద్రవిడులు వచ్చారు. అప్పటి నుంచి నేను వాళ్ళనే ఎంచుకుంటాను. నా సైనికులు తమిళంలో పలుకుతారు. చిత్తూరు జిల్లాలో పుట్టినవాడికి అది పరాయి భాష కాదు కాబట్టి ఇంట్లోనే ఉన్నట్టు ఉంటుంది. కాకపోతే ద్రవిడులకు కవచం తొడిగిన ఆశ్వికులు లేరు. మావాడు ఎంచుకునే ఫ్రాంకులు అనే యూరప్ జాతికి ఉన్నదే వాళ్ళు.

పదకొండో ఓటమి గురించి చెప్పాలి. నది, మధ్యలో నడిచి దాటగలిగే చోటు ఒక్కటే. నా దగ్గర 110 మంది ఉన్నారు: కొరడాలా వంగే ఉరుమి కత్తి పట్టిన వీరులు, కాలినడక విలుకాళ్ళు, ఏనుగుల మీద విలుకాళ్ళు, రాళ్ళు విసిరే మాంగనెల్ బండ్లు మూడు. మౌస్‌తో అందరి చుట్టూ ఒక గీత గీసి, అవతలి ఒడ్డు మీద క్లిక్ చేశాను. నా యుద్ధతంత్రం మొత్తం అంతే. కత్తులవాళ్ళు పరుగున వెళ్ళి ముందే చచ్చారు. విలుకాళ్ళు రేవులో ఇరుక్కున్నారు. ఏనుగులు ఇంకా దారిలోనే ఉన్నాయి. ఇంతలో మాంగనెల్ బండ్లు విసిరిన రాళ్ళు ముందు వరుసలో మిగిలిన నావాళ్ళ నెత్తినే పడ్డాయి. ఈ ఆటలో మాంగనెల్ రాయికి తనా పరా తేడా లేదు.

ఫోనులో మావాడు, "మామా, నువ్వే చంపుకుంటుంటే నాకు పనేముంది?" అన్నాడు.

ఆ రాత్రి రీప్లే పెట్టుకుని చూశాను. ఓడిన ఆట మళ్ళీ చూడటమంటే ఉప్పెక్కువైన పప్పు మళ్ళీ రుచి చూడటం లాంటిదే. కానీ అక్కడే రెండు సంగతులు తెలిశాయి. 110 మందిలో ఏ క్షణంలో లెక్కపెట్టినా ముప్పై మందికి మించి పోరాడటం లేదు. మిగిలినవాళ్ళు వెనక నిలబడి ముందువాళ్ళ వీపులు చూస్తున్నారు. రెండోది, ఆ గొడవంతా నేను కళ్ళప్పగించి చూస్తున్నప్పుడు ఖజానాలో రెండు వేల బంగారం ఖర్చు కాకుండా పడి ఉంది. శిబిరాల్లో కొత్తవాళ్ళు ఒక్కరూ తయారు కావడం లేదు.

మావాడు ఒక లెక్క చెప్పాడు. ఫ్రెడరిక్ లాంచెస్టర్ అనే ఇంగ్లండ్ ఇంజనీరు 1916లో వేసిన లెక్క అది. దూరం నుంచి కొట్టుకునే రెండు సేనల బలాన్ని మనుషుల సంఖ్యతో కాదు, ఆ సంఖ్య వర్గంతో తూచాలట. సమానమైన విలుకాళ్ళు 40 మంది 30 మందిని ఎదుర్కొంటే మిగిలేది 10 మంది కాదు, సుమారు 26 మంది. అదే 30 మందిని 15 చొప్పున రెండు విడతలుగా పంపితే, అవతల 34 మంది మిగిలిపోతారు. నేను పంపింది రెండు విడతలు కూడా కాదు, బొట్లు బొట్లుగా. మావాడికి భోజనం వడ్డించినట్టే.

వడ్డన అనుకోగానే నాకు నా వృత్తి గుర్తొచ్చింది. బంతిలో ఎలా వడ్డిస్తామో తెలుసుగా. ఆకులు పడాలి, నీళ్ళు చిలకరించాలి, అన్నం పడాలి, ఆ తరువాతే సాంబారు. అన్నం పడకముందే సాంబారు బకెట్ పట్టుకుని పరిగెత్తే కుర్రవాడు ప్రతి పెళ్ళిలోనూ ఒకడు ఉంటాడు. నా కత్తివీరులు ఆ బాపతే. ఇంకొకటి, హాల్లో 60 ఆకులు పట్టే చోటికి 200 మందిని తోలితే ఎవరూ కూర్చోలేరు. రేవు దగ్గర నేను చేసింది అదే.

అక్కడి నుంచి సాధన మొదలైంది. కంప్యూటర్‌తోనే ఆడుతూ, వారానికి ఒక్క అలవాటు మాత్రమే నేర్చుకున్నాను. మొదటి వారం దళాలు. కంట్రోల్ నొక్కి పట్టుకుని అంకె నొక్కితే ఎంచుకున్నవాళ్ళంతా ఆ అంకె కిందికి వస్తారు. 1 కత్తులు, 2 విలుకాళ్ళు, 3 ఏనుగులు, 4 బండ్లు. శిబిరాలకు 9. ఒక పెళ్ళి శుభలేఖ వెనక ఇది రాసి మానిటర్ కింద అంటించాను. ఇప్పుడది అక్కర్లేదు, అయినా తీయలేదు.

రెండో వారం నడక. ఉత్త మౌస్ క్లిక్‌తో పంపితే సైనికులు దారిలో దెబ్బలు తింటున్నా తల తిప్పకుండా నడుస్తారు. గస్తీ ఆజ్ఞ ఇచ్చి పంపితే ఎదురైనవాడిని కొడుతూ వెళ్తారు. ఇన్నేళ్ళు ఆడీ ఈ చిన్న సంగతి నాకు తెలియదంటే నవ్వొస్తుంది. ఏనుగులను ముందే బయలుదేరదీయడం, బండ్లను విడిగా వెనక నిలబెట్టడం, కొత్తవాళ్ళు వెనక ఒక చెట్ల గుంపు దగ్గర చేరేలా జెండా పాతడం, అక్కడ 20 మంది కూడితేనే ముందుకు పంపడం కూడా ఆ వారాల్లోనే పట్టుబడ్డాయి.

కష్టమైంది మాత్రం యుద్ధం మీద నుంచి కళ్ళు తిప్పుకోవడం. చేతివేగం చాలక ఓడుతున్నానని అనుకునేవాణ్ణి. నిజానికి చూపు కదలక ఓడుతున్నాను. మావాడు ఉండే చిత్తూరుకు దగ్గర్లోనే, నరసింగరాయనిపేటలో, 1782 డిసెంబరులో హైదర్ అలీ తన శిబిరంలోనే కన్నుమూశాడు. టిప్పు వచ్చి చేరేదాకా ఆ వార్త పొక్కకుండా దాచి, సైన్యం చెదరకుండా చూశారు. నాయకుడే లేకుండా అంత సైన్యం నిలబడింది. నా సైన్యమేమో నేను పది సెకన్లు చూడకపోతే చెదిరిపోయేది. అందుకే ముందు వాళ్ళను సరిగ్గా నిలబెట్టి, తరువాత ఊరివైపు తిరగడం సాధన చేశాను. 9 నొక్కి నలుగురిని తయారీలో పెట్టి, 2 రెండుసార్లు నొక్కి వెనక్కి. అన్నం తింటూ కూడా వేళ్ళు అలాగే కదిలేవి. మా ఆవిడ చూసి ఏమీ అనలేదు, అదే భయం వేసింది.

నెలన్నర తరువాత ఒక శనివారం మళ్ళీ అదే నది వచ్చింది. ఈసారి నేను దాటలేదు. ఇవతలి ఒడ్డున విలుకాళ్ళను విల్లులా వంచి నిలబెట్టి, వాళ్ళ ముందు బల్లేలవాళ్ళను ఉంచి ఆగాను. వాడి గుర్రాలు రేవులో సన్నగా వచ్చాయి. సరిగ్గా అప్పుడే ఊరి నుంచి ప్రమాదపు శబ్దం వచ్చింది. పన్నెండు గుర్రాలు చుట్టూ తిరిగి వచ్చి నా పొలాల మీద పడ్డాయి. పాత నేనైతే సైన్యం మొత్తాన్నీ వెనక్కి తిప్పేవాణ్ణి. ఇలాంటి అవసరానికే విడిగా పెట్టిన 15 బల్లేలు 5వ అంకె కింద ఉన్నాయి. 5 నొక్కి, పొలాల మీదికి గస్తీ పంపి, మళ్ళీ 2. నేను లేని ఆ నాలుగు సెకన్లలో విలుకాళ్ళు ఎవరికి వారు కొడుతూనే ఉన్నారు.

చివరికి నాకు 46 మంది మిగిలారు. మావాడు ఓటమి ఒప్పుకుని ఫోను చేశాడు.

"ఏనుగులను ఎక్కడ దాచావు మామా? నాకు కనిపించనే లేదు."

"దాచలేదురా. నిదానంగా వస్తున్నాయి."

వచ్చే ఆదివారం వాడు మంగోలులను తీసుకుంటాడట. గుర్రాల మీద నుంచే బాణాలు వేస్తూ, కొట్టి పారిపోయే రకం. రేవులోకి దిగమన్నా దిగరు. వాళ్ళను ఏ బంతిలో కూర్చోబెట్టాలో ఇంకా తేలలేదు. శుభలేఖ వెనక కొంచెం ఖాళీ మాత్రం ఉంది.