ఉంగరం తీస్తున్న తండ్రి

వెస్ట్‌మినిస్టర్ అబ్బే చర్చి లోపలికి వెళ్లడానికి మనిషికి ముప్పై పౌండ్ల దాకా అవుతుందని తెలిసేసరికి నాకు కోపం వచ్చింది. దేవుడున్న చోటికి వెళ్లడానికి అంత డబ్బా? పైగా వాన. "పద అత్తా, నేషనల్ గ్యాలరీకి టికెట్ లేదు" అని మా అన్నయ్య కూతురు ట్రఫాల్గర్ స్క్వేర్ దాకా తడుస్తూ నడిపించింది. లండన్‌లో పది రోజులున్నాను గానీ, రాయాలనిపిస్తున్నది ఆ మధ్యాహ్నం గురించే.

వాన్ గో గీసిన పొద్దుతిరుగుడు పూల బొమ్మ దగ్గర ఊపిరాడనంత జనం. మోకాళ్లు నొప్పెట్టి, కాస్త ఖాళీగా ఉన్న గదిలో కూర్చున్నాను. ఎదురుగా ఆరు బొమ్మలు, ఒక్కోటీ మన ఇంట్లో టీవీ అంత. విలియం హోగార్త్ 1743 ప్రాంతంలో గీసిన 'మారేజ్ ఆ-లా-మోడ్', అంటే ఫ్యాషన్ పెళ్లి. పెద్దింటి పెళ్లిళ్లను, వాళ్ల నడవడిని ఎండగట్టిన కథ. ఊరికే చూద్దామని లేచి, మొదటి బొమ్మ దగ్గరే ఆగిపోయాను.

అవి పెళ్లిమాటలు! నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. అప్పుల్లో కూరుకుపోయిన ఎర్ల్, అంటే బిరుదున్న దొర, గౌట్ అనే కీళ్ల జబ్బుతో వాచిన కాలు స్టూలు మీద పెట్టుకుని తన వంశవృక్షం చూపిస్తున్నాడు. ఎదురుగా పిల్ల తండ్రి, డబ్బున్న వర్తకుడు, కళ్లజోడు పెట్టుకుని ఒప్పంద పత్రం చదువుతున్నాడు. బల్ల మీద నాణేలు, తీర్చేసిన తనఖా కాగితం. కిటికీలోంచి ఎర్ల్ కట్టిస్తున్న భవనం కనిపిస్తుంది, సగంలో ఆగిపోయింది. పెళ్లికొడుకు అద్దంలో తనను తాను చూసుకుంటున్నాడు. పెళ్లికూతురు ఉంగరాన్ని చేతిరుమాలుకి గుచ్చి ఆడిస్తోంది, ముఖంలో ఏమీ లేదు. లాయరు ఒకడు ఆమె మీదికి వంగి ఏదో చెబుతున్నాడు. వాళ్ల దగ్గరే ఒకే గొలుసుకి కట్టిన రెండు కుక్కలు.

మా పెద్దక్కకి తాంబూలాలు పుచ్చుకున్న రోజు గుర్తొచ్చింది. హాల్లో ఎకరాలూ, లాంఛనాలూ, ఆడపడుచు కట్నమూ మాట్లాడుతుంటే అక్క వంటింటి గడప దగ్గర నిలబడి పమిట కొంగు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది. నాకప్పుడు పదకొండేళ్లు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ఉందని ఆ గదిలో అందరికీ తెలుసు, ఒక్కరూ దాని పేరెత్తలేదు.

తర్వాతి బొమ్మల్లో అంతా దిగజారుడే. రాత్రంతా చెరో దారినా గడిపి పగలు ఒంటిగంట దాటాక కుర్చీల్లో వాలిపోయిన భార్యాభర్తలు, బిల్లుల కట్టతో విసిగి వెళ్లిపోతున్న లెక్కల మనిషి. భర్త ఒక చిన్నపిల్లను వెంటబెట్టుకుని నాటు వైద్యుడి దగ్గరికి వెళ్లడం నేను ఎక్కువసేపు చూడలేకపోయాను. భార్య ఆ లాయరుతో కలుస్తుంది, భర్త అతని చేతిలో కత్తిపోటుకి చచ్చిపోతాడు. 1751లో ఈ ఆరింటినీ వేలం వేస్తే అన్నీ కలిపి 120 గినీలే (అప్పటి బంగారు నాణేలు) వచ్చాయట. మనుషుల్ని ఇంత లోతుగా చూసినవాడికి అదా దక్కింది? ఆ హోగార్తేమో, పెళ్లికూతురి తండ్రికి చెప్పకుండా 1729లో పెళ్లి చేసుకున్నవాడు.

ఆరో బొమ్మ తండ్రి ఇల్లు. లాయరుని ఉరితీశారని తెలిసి ఆ అమ్మాయి విషం తాగింది. ఆయా ఎత్తిపట్టుకున్న పసిబిడ్డ తల్లికి ముద్దు పెడుతోంది, బిడ్డ కాలికి అవిటి కాళ్లకి వేసే ఊత పట్టీ. ఎండిన కుక్క ఒకటి బల్ల మీది మాంసం లాక్కుంటోంది. తండ్రి కూతురి చెయ్యి పట్టుకుని వేలి ఉంగరం తీస్తున్నాడు.

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఏమైందత్తా?" అని మా పిల్ల భుజం పట్టుకుంది. కాఫీ తాగుదామంది. నాలుగు పౌండ్ల కాఫీ, మన ఫిల్టర్ కాఫీలో సగం రుచి లేదు. మా పిల్లకి పెళ్లి సంబంధాలు చూస్తున్నారు. అక్కడ కూర్చుని ఉండగానే అన్నయ్య ఫోన్ చేసి, అబ్బాయి వాళ్లకి తెనాలి దగ్గర ఎంత పొలం ఉందో చెప్పడం మొదలుపెట్టాడు. రాత్రి మాట్లాడతానన్నాను.

ఎంబాంక్‌మెంట్‌లో డిస్ట్రిక్ట్ లైన్ రైలు ఎక్కాం. ఈస్ట్ హామ్ దాకా సీటు దొరికింది. అది నా చేతివైపు చూసి మెల్లగా అడిగింది: "పెద్దత్త పోయినప్పుడు గాజులు తీసింది తాతయ్యేనా?"

ఇన్నేళ్లలో ఆ మాట ఎవరూ నన్ను అడగలేదు. అవునన్నాను. అత్తింటివాళ్లు వచ్చేలోపు, ఇంకా చెయ్యి చల్లబడకముందే తీశాడని చెప్పాను. నాన్న చెడ్డవాడు కాదనీ, తీస్తున్నప్పుడు ఆయన చేతులు వణికాయనీ చెప్పాను. నా పెళ్లికి వాటినే చెరిపించి నాకు కొత్తవి చేయించారని కూడా చెప్పాను. అది నా చెయ్యి తన ఒళ్లోకి తీసుకుని, స్టేషన్ వచ్చేదాకా ఆ గాజుల మీద వేలు పెట్టుకునే కూర్చుంది.