తీసేసిన చోటే మళ్లీ

కడుపు లోపలి పొర మీద పెరిగిన అడినోమా అనే కణితిని తీయించుకున్న ఏడాదికి చేసిన ఎండోస్కోపీలో, పాత మచ్చ అంచునే మళ్లీ ఇంకొకటి కనిపించింది. "ఒకసారి తీసేశాక మళ్లీ ఎలా వస్తుందే? సరిగ్గా తీయలేదేమో" అంది అక్క. ఆ రాత్రంతా నాకూ అదే టెన్షన్.

రామ్‌నగర్‌లో రెండో డాక్టర్ గారికి చూపిస్తే ఆయన పాత రిపోర్టు దగ్గర పెట్టుకుని ఓపిగ్గా చెప్పారు. "అమ్మా, ఇది క్యాన్సర్ కాదు. కానీ వదిలేస్తే అలా మారొచ్చు. మీది పెద్దది కాబట్టి అప్పుడు ముక్కలుగా తీశారు. అలా తీస్తే అంచుల్లో ఏమైనా మిగిలిందా అన్నది బయాప్సీలో కచ్చితంగా తేలదు." అది విన్నాక మొదటి డాక్టర్ మీద కోపం పోయింది.

ఈసారి ఈఎస్‌డీ అనే పద్ధతిలో, ఎండోస్కోపీ గొట్టంలోంచే తీశారు. పొర కింద నీలం మందు కలిపిన ద్రవం ఎక్కించి, కణితిని పైకి లేపి, చుట్టూ కోసి ఒకే ముక్కగా తీస్తారు. పాత మచ్చ దగ్గర గట్టిపడిపోయి పొర సరిగ్గా లేవలేదట, అనుకున్నదానికంటే చాలాసేపు పట్టింది. బయట మా ఆయనకి కాలు నిలవలేదు. తర్వాత ఆ ముక్క ఫోటో చూపించారు. పది రూపాయల బిళ్ల కంటే పెద్దది, చుట్టూ సన్నని పిన్నులు గుచ్చి పరిచారు. మధ్యలో పాలిపోయిన తెల్లటి అడినోమా, దాని చుట్టూరా గులాబీ రంగు మంచి పొర. ఆ గులాబీ అంచుని ఎంతసేపు చూశానో.

తర్వాత గంజి, మెత్తటి పెరుగన్నం, పుండు మానడానికి రెండు నెలలు యాసిడ్ తగ్గించే మాత్రలు. మలం తారులా నల్లగా వస్తే అర్ధరాత్రయినా వచ్చేయమన్నారు. అలాంటిదేమీ కాలేదు. బయాప్సీలో అంచులు శుభ్రంగా ఉన్నాయని వచ్చింది.

అసలు బాధ కడుపు పొరదే. మన ఇళ్లలో కడుపు మంటంటే కారం మీదకి తోసేస్తాం. నా కడుపులో ఏళ్లుగా ఉన్నది హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా. అది పొరను నెమ్మదిగా పాడుచేస్తుంది, అందుకే పాత మచ్చ మానినా ఇంకో చోట కొత్తది రావచ్చు. 14 రోజులు యాంటీబయాటిక్స్ వాడాను, నోరంతా చేదు. కోర్సు అయిన నాలుగు వారాలు దాటాక ఊపిరి పరీక్షలో నెగిటివ్ వచ్చింది. పూర్ణా మార్కెట్ నుంచి ఎండు నెత్తళ్లు తేవడం మానేశాం, ఆవకాయ కూడా బాగా తగ్గించాను. ఉప్పులో ఊరినవి ఈ పొరకి మంచివి కావు.

ఆరు నెలల ఎండోస్కోపీలో ఏమీ లేదు. ఇకపై ఏడాదికోసారి రమ్మన్నారు. "బాగానే ఉన్నారుగా, మళ్లీ ఆ గొట్టం ఎందుకండీ?" అని పక్కింటావిడ అడుగుతారు. రెండోది కూడా ఏ నొప్పీ లేకుండానే పెరిగింది కాబట్టి నేను వెళ్తాను.