అగత్తి మడుగులో తాబేళ్ల మేత

లక్షద్వీప్‌లోని అగత్తి దీవికి పడమటి వైపున్న మడుగులో, ఛాతీలోతు నీళ్లలో ముఖం ముంచి మొదటిసారి అడుగును చూసినప్పుడు, ఏపుగా పెరిగిన సముద్రపు గడ్డి కోసం ఎదురుచూసిన నాకు కోత కోసిన వరి మడి లాంటి నేల కనిపించింది. పరకలన్నీ వేలి కణుపు ఎత్తుకు మించకుండా, కొడవలి పెట్టినట్టు ఒకే తీరున తెగి ఉన్నాయి. ఒక పరకను తుంచి కళ్లద్దానికి దగ్గరగా పెట్టుకుని చూశాను. తెగిన అంచు చిరిగినట్టు లేదు, తిన్నగా ఉంది. రెండు వేళ్ల దూరంలో ఉన్న మరో మొక్కకు ఇంకా గోధుమరంగు తిరగని పచ్చి గాటు ఉంది. తాబేలు అక్కడ మేసి వెళ్లి ఎంతోసేపు కాలేదు.

నేను వెళ్లింది రెండు వారాల పనికి. సముద్ర తాబేళ్లు ఏ వయసులో ఏం తింటాయి, ఎక్కడ తింటాయి, ఆ తిండి మారినప్పుడు వాటి శరీరంలోనూ చుట్టూ ఉన్న సముద్రంలోనూ ఏం మారుతుంది అన్నది పరిశీలిస్తున్న ఒక చిన్న బృందంలో, కొలతలు రాసిపెట్టే సహాయకుడిగా చేరాను. లక్షద్వీప్‌లో అడుగుపెట్టడానికి ముందుగా అనుమతి తీసుకోవాలి. అది చేతికి వచ్చాక కొచ్చి నుంచి చిన్న విమానంలో గంటన్నరలో దిగాను. దిగేముందు విమానం వంగినప్పుడు ముదురు నీలం సముద్రం, పగడపు దిబ్బ మీద విరిగే అలల తెల్లటి గీత, ఆ గీతకు ఇవతల లేత ఆకుపచ్చ మడుగు కనిపించాయి. పచ్చ తాబేలు బతుకులో బాల్యానికీ తర్వాతి కాలానికీ మధ్య సరిహద్దు ఆ గీతేనని అప్పటికి నాకు తెలియదు.

రోజువారీ పని చూడటానికి సులువే కానీ చేయడానికి ఓపిక కావాలి. ప్లాస్టిక్ గొట్టాలతో చేసిన అర మీటరు చట్రాన్ని అడుగున పరిచి, అందులోని మొక్కలను లెక్కపెట్టి, పది పరకల పొడవు కొలిచి, ఎన్నింటికి గాట్లు ఉన్నాయో తడిసినా పాడవని పలక మీద పెన్సిలుతో రాయాలి. ఆ తర్వాత పది మీటర్లు జరిగి మళ్లీ మొదలుపెట్టాలి.

మూడో రోజు ఉదయం ఒక పెద్ద పచ్చ తాబేలు నాకు ఐదారు మీటర్ల దూరంలో మేస్తూ కనిపించింది. ముందు రెక్కలను ఇసుకకు ఆనించి, తల వంచి, ఒక్కో గుత్తిని నోట పట్టి వెనక్కి గుంజుతోంది. దాని కింది దవడ అంచుకు రంపపు పళ్లలాంటి నొక్కులు ఉంటాయి కాబట్టే పరక అంత తిన్నగా తెగుతుంది. కాసేపటికొకసారి పైకి తేలి, బుస్సున ఊపిరి వదిలి, పీల్చి, మళ్లీ మేసిన చోటికే దిగుతోంది. ఆ 'మేసిన చోటికే' అన్న సంగతిని నేను పలక మీద రెండుసార్లు గీత గీసి రాసుకున్నాను. ఒకే చోట మళ్లీ మళ్లీ మేస్తే కొత్తగా మొలిచే లేత పరకలు దొరుకుతాయి. ముదురు పరకల కంటే వాటిలో మాంసకృత్తులు ఎక్కువ, అరగని పీచు తక్కువ. బహామాస్ దీవుల్లో కరెన్ బ్జోర్న్‌డాల్ అనే శాస్త్రవేత్త ఏళ్ల తరబడి చేసిన పరిశోధన ఈ విషయాన్ని బయటపెట్టింది. తాబేలు తన మేతను తానే సాగు చేసుకుంటుందని చెప్పడంలో అతిశయోక్తి ఏమీ లేదు.

అయితే మేసే నోళ్లు మరీ ఎక్కువైతే ఆ సాగు చెడుతుంది. అగత్తి మడుగులో తాబేళ్లు పెద్ద సంఖ్యలో పోగైన కాలంలో, థలాసియా అనే నెమ్మదిగా పెరిగే గడ్డి తగ్గి త్వరగా పెరిగే సైమోడోసియా దాని చోటు తీసుకుందని 2010లో వెలువడిన అధ్యయనం చూపింది. ఒక మడుగులో గడ్డి అడుగంటాక తాబేళ్లు మరో దీవి మడుగుకు తరలాయనీ, అక్కడా అదే జరిగిందనీ 2021 నాటి మరో అధ్యయనం తెలిపింది. మా పడవ నడిపిన పెద్దాయనకు ఈ అధ్యయనాలతో పని లేదు. గడ్డి ఒత్తుగా ఉన్న రోజుల్లో అందులో చేపపిల్లలు దాక్కునేవనీ, గడ్డి పోయాక అవీ తగ్గాయనీ ఆయన తన వల అనుభవంతోనే కోపంగా చెప్పాడు. ఆయన కోపంలో న్యాయం ఉంది. తాబేలును కాపాడుతున్నాం అని చెప్పుకునే వాళ్లం, అది ఎదిగాక మేయడానికి ఎంత గడ్డి కావాలో కూడా లెక్కవేసుకోవాలని నాకు ఆ పడవలోనే గట్టిగా అనిపించింది.

ఒక రోజు దిబ్బ దాటి వెళ్లి, బయటి వాలులో డేగ ముక్కులాంటి మూతి గల తాబేలును చూశాం. శాస్త్రజ్ఞులు హాక్స్‌బిల్ అనే ఈ తాబేలు ఆ సన్నటి మూతిని పగడాల సందుల్లోకి దూర్చి స్పాంజీలను పీకి తింటుంది. స్పాంజీల్లో గాజుముక్కల్లాంటి సిలికా సూదులు నిండి ఉంటాయి. కరీబియన్ తాబేళ్ల పొట్టల్లో ఆ సూదులు కుప్పలుగా ఉండటాన్ని శాస్త్రవేత్త ఆన్ మేలన్ 1988లో ప్రకటించినప్పుడు అది పెద్ద వార్త అయింది. ఒకే దిబ్బకు అటూ ఇటూ ఉన్న రెండు జాతులకు మేత ఇంత వేరుగా ఉండటం నన్ను చాలాసేపు నీళ్లలోనే నిలిపేసింది.

తొమ్మిదో రోజున తూర్పు ఒడ్డున ఒక చిన్న పచ్చ తాబేలు చచ్చి పడి ఉందని కబురు వచ్చింది. ఇది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులోని ప్రాణి కాబట్టి, చచ్చినదాన్నైనా అనుమతి లేకుండా ముట్టుకోకూడదు. మా బృందాన్ని నడిపించే శాస్త్రవేత్త, మేమంతా మేడమ్ అని పిలిచే ఆవిడ, దగ్గర ఆ అనుమతి ఉంది. అటవీ సిబ్బంది వచ్చి నిలబడ్డాక కొలిచాం. డిప్ప పొడవు 42 సెంటీమీటర్లు.

గొంతు తెరిచి చూస్తే లోపలి గోడంతా వెనక్కి వాలిన తెల్లటి ముళ్లు. మింగిన ఉప్పునీళ్లను బయటికి వదిలేటప్పుడు మేత జారిపోకుండా ఆ ముళ్లు పట్టి ఉంచుతాయి. పొట్టలో గడ్డి పరకలు ఇంకా గుర్తుపట్టగలిగేలా ఉన్నాయి. పెద్దపేగులోకి వచ్చేసరికి అవి ముదురు పచ్చని ముద్దగా మారి, పులిసిన వాసన కొట్టాయి. పీచును అరిగించేది అక్కడ ఉండే సూక్ష్మజీవులే. ఆ ముద్దలో మేడమ్ పట్టకారుతో వెతికి, వేలెడు పొడవున్న నీలం నైలాను పోగును, నలిగిన పల్చటి ప్లాస్టిక్ పొర ముక్కనూ తీసి పళ్లెంలో పెట్టారు. ఎవరమూ ఏమీ మాట్లాడలేదు.

"ఇది ఈ మడుగుకు వచ్చి ఎన్నాళ్లయి ఉంటుంది మేడమ్?" అని చివరికి నేనే అడిగాను.

"పొట్ట మొన్న తిన్న తిండి గురించే చెబుతుంది. ఏళ్ల సంగతి కావాలంటే డిప్పనే అడగాలి" అన్నారావిడ.

ఆ రాత్రి ఆవిడ చూపించింది నా యాత్ర మొత్తంలో నాకు మిగిలిన పెద్ద సంపద. డిప్ప మీది పలకలు మన గోళ్లలో ఉండే కెరాటిన్‌తోనే తయారవుతాయి. కొత్త పొర అడుగున పుడుతూ పాతదాన్ని పైకి నెడుతుంది కాబట్టి, పై పొరలో చిన్ననాటి తిండి జాడ, అడుగు పొరలో ఇటీవలి తిండి జాడ ఉంటాయి. ఒక జీవి మరో జీవిని తిన్న ప్రతి మెట్టులోనూ శరీరంలో నైట్రోజన్‌లోని బరువైన రకం (ఐసోటోపు) వెయ్యికి సుమారు 3 పాళ్లు పెరుగుతుంది. అలాగే బరువైన, తేలికైన కార్బన్ పాళ్లను బట్టి ఆ మేత తీరపు గడ్డిదా, నడిసముద్రంలో తేలియాడే చిన్న జీవులైన ప్లవకాలదా తేల్చవచ్చు. బహామాస్‌లో 2007లో ఇలాగే పొరలు విడదీసి చూసినప్పుడు, గడ్డి మేసే పచ్చ తాబేళ్లు అంతకు ముందు 3 నుంచి 5 ఏళ్లు నడిసముద్రంలో జంతువులనే ఎక్కువగా తిని బతికాయని తేలింది. అంతవరకు ఆ కాలాన్ని 'తప్పిపోయిన ఏళ్లు' అనేవారు, ఎందుకంటే అప్పుడు తాబేళ్లు ఎవరి కంటా పడవు.

సుమారు 25 గ్రాముల బరువుతో ఇసుకలోంచి బయటపడే పిల్ల, మొదటి కొద్ది రోజులు ఒంట్లో మిగిలిన పచ్చసొన మీదే ఆధారపడి ఒడ్డుకు దూరంగా ఈదుతుంది. తర్వాత తేలే నాచు గుంపుల్లో, ప్రవాహాలు కలిసే చోట్ల, జెల్లీచేపలను, చిన్న రొయ్యల్లాంటి జీవులను, నత్తలను, ఏది ఎదురైతే దాన్ని తింటుంది. అదే చోటికి అదే ప్రవాహం మన ప్లాస్టిక్‌ను కూడా చేరుస్తుంది. ఎదురైనదల్లా తినే వయసులో ఉన్న పిల్లకు దానిని వేరుచేసి చూసే తెలివి ఉండదు. పళ్లెంలోని ఆ నీలం పోగును తాబేలు ఎక్కడ మింగిందో పొట్టను చూసి చెప్పలేం. అయినా ఆ రాత్రంతా నాకు అదే కళ్ల ముందు ఆడింది.

అన్ని జాతులూ ఇలా మేత మార్చవు. తోలు తాబేలు పుట్టింది మొదలు పెద్దయ్యేదాకా జెల్లీచేపల మీదే బతుకుతుంది. లాగర్‌హెడ్ అనే జాతి మాత్రం ఎదిగాక బలమైన దవడలతో గుల్లలను, పీతలను నమిలేస్తుంది. మాంసాహారం నుంచి దాదాపు పూర్తిగా గడ్డికీ నాచుకీ తిరిగేది పచ్చ తాబేలు ఒక్కటే.

బయలుదేరే ముందు రోజు, గడ్డి తనంతట తాను ఎంత పెరుగుతుందో చూడటానికి కొన్ని నెలల కిందట అడుగున బిగించిన వలపంజరాలను కొలవడానికి వెళ్లాం. పంజరం లోపల పరకలు నా చేతి వేళ్లంత పొడవున ప్రవాహానికి ఊగుతున్నాయి. బయట మాత్రం ఎప్పటిలాగే వేలి కణుపు ఎత్తున తెగి ఉన్నాయి. నేను పలక సర్దుకుంటుండగా, మోకాలి పొడవుకు మించని ఒక కుర్ర తాబేలు వచ్చి పంజరం చుట్టూ ఒకసారి తిరిగింది. వల కన్నుల్లోంచి బయటికి వచ్చిన పరకల కొసలను ఒక్కొక్కటిగా కొరికి, తినదగినవి అయిపోయాక కాసేపు అక్కడే నిలబడి, తర్వాత దిబ్బ వైపు ఈదుకుంటూ వెళ్లిపోయింది. మేడమ్ నా వైపు తిరిగి, బయటికి వచ్చిన కొసల లెక్క కూడా రాయమని సైగ చేశారు.