నరసాపురం కోర్టు కాగితంతో కెనడాకి

కెనడాలో మా అమ్మాయికి పురుడు. వీసా ఫారం నింపుతుంటే ఒక ప్రశ్న దగ్గర మా ఆయన ఆగిపోయారు. ఏ దేశంలోనైనా, ఎప్పుడైనా నేరం కింద అరెస్టయ్యారా, శిక్ష పడిందా అని. 2013లో నరసాపురంలో పెళ్లికెళ్లి, బండి మీద రేవుకొస్తుంటే పోలీసులు ఆపి ఊదించారు. కోర్టులో ఒప్పుకుని 2,000 రూపాయల జరిమానా కట్టేశారు.

"ఎవరికి తెలుస్తుంది బావా, లేదని పెట్టెయ్" అన్నాడు మా తమ్ముడు. నేను ఒప్పుకోలేదు. అబద్ధమని తేలితే కెనడా ఐదేళ్లపాటు గుమ్మం తొక్కనివ్వదు. పాత కేసు కంటే అదే పెద్ద దెబ్బ.

లాయరుగారు చెప్పింది ఇదీ. 2018 డిసెంబర్ 18 నుంచి అక్కడ తాగి నడపడం పదేళ్ల దాకా జైలు పడే తీవ్ర నేరం. ఆ తర్వాత పట్టుబడినవాళ్లు శిక్ష ముగిశాక ఐదేళ్లాగి, ఆ పాత నేరం అడ్డు తీసెయ్యమని, అంటే రిహాబిలిటేషన్‌కి, అప్లై చేసుకోవాలి. ఈలోగా వెళ్లాలంటే తాత్కాలిక పర్మిట్ అడగాలి. అంతకుముందుదై, అదొక్కటే కేసై, శిక్ష పూర్తయి పదేళ్లు దాటితే అడ్డు తొలగినట్టే లెక్కిస్తారు. ఇంకో దారీ ఉంది. వంద మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాలు మనకి 30 మిల్లీగ్రాములు దాటితే నేరం, వాళ్లకి 80 నుంచి. అంతకంటే తక్కువ ఉంటే వాళ్ల లెక్కలో నేరం కాదని వాదించొచ్చు. కానీ ఆ రీడింగ్ స్లిప్పు ఏనాడో పోయింది. జరిమానా కట్టిన తేదీ ఒక్కటే మాకు దిక్కు.

అందుకే నరసాపురం కోర్టుకని సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కాం. చించినాడ వంతెన మీదుగా వెళ్లొచ్చు గానీ చాలా చుట్టు. బళ్లు, ఆటోలు, కొబ్బరికాయల వ్యాను, మధ్యలో మేం. వశిష్ఠ గోదావరి నిండుగా ఉంది. అవతలి గట్టున మోకు బిగించి ఇనుప పలక దించేదాకా మా ఆయన నోరు విప్పలేదు.

కోర్టులో ఫైలు లేదన్నారు. చిన్న కేసులవి కొన్నేళ్లకి తీసేస్తారట. నా గుండె జారిపోయింది. "రిజిస్టరు ఉంటుందమ్మా, కూర్చోండి" అన్నాడు గుమాస్తా. అంచులు పొడిపొడిగా రాలుతున్న పుస్తకం తెచ్చి, వేలితో ఒక్కో వరుసా చూసుకుంటూ వచ్చాడు. మా ఆయన పేరు, తాగి నడిపిన కేసుకి సెక్షన్ 185, పక్కన ఎర్ర సిరాతో జరిమానా చెల్లించిన తేదీ. ఆ అబ్బాయికి చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. దరఖాస్తు పెట్టి, ఆ పేజీకి సర్టిఫైడ్ కాపీ తీసుకున్నాం.

ఫారంలో ఉన్నదున్నట్టు రాశాం. వీసా వచ్చింది. అయినా టెన్షన్ పోలేదు, ఎందుకంటే లోపలికి రానిచ్చేది విమానాశ్రయంలో ఆఫీసరే. టొరంటోలో మమ్మల్ని వేరే గదికి పంపారు. అక్కడున్న ఆఫీసరమ్మ కాగితం చదివి, "జరిమానా అంతా కట్టేశారా? ఇంకేమైనా కేసులున్నాయా?" అని అడిగింది. మా ఆయన తడబడకుండా జవాబిచ్చారు. ఆవిడ ఇంకాసేపు కంప్యూటర్లో చూసి స్టాంపు వేసింది.

కాపీ పాస్‌పోర్టు కవర్లోనే ఉంచాను. మళ్లీ వస్తే మళ్లీ అడుగుతారు.